ఈ వారం సమస్య: అన్నమే లేని పులిహోర నతఁడు కలిపె

శ్రీకారం (నిర్వహణ):

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం పాదం తేటగీతిలో ఇస్తున్నాను. కుదరదనిపించే ఈ మాట కుదిరేలా ముందు మూడు పాదాలు రాయాలి, అదే పూరణ.

అన్నమే లేని పులిహోర నతఁడు కలిపె

కొత్తగా చేరినవాళ్ళ కోసం లెక్క మరోసారి. పాదానికి ఒక సూర్యగణం (మూడు మాత్రలది), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి), మళ్ళీ రెండు సూర్యగణాలు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వనిలో పొత్తు, కుదరాలి. ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) నియమం లేదు. ఇచ్చిన పాదంలో యతి అన్నమేలోని అకారానికి, నతఁడులో దాగిన అకారానికి కుదిరింది.

ఈసారి ఒక షరతు కూడా ఉంది. ఇవాళ జనం నోట నలుగుతున్న మాటో, ఇవాళ్టి పోకడో ఒకటి పూరణలో ఉండాలి. ఆ మాట ఎరగనివాళ్ళకు కూడా పద్యం చదవగానే అర్థం తట్టాలి.

ఈ పాదం నాకు ఒక పెళ్ళి పందిట్లో దొరికింది. ఇద్దరు కుర్రాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "వాడు ఇందాకట్నుంచీ ఆ అమ్మాయి దగ్గర పులిహోర కలుపుతున్నాడురా" అన్నాడొకడు. తీపి మాటలతో ఆ అమ్మాయిని మెప్పించబోతున్నాడని వాళ్ళ అర్థం. వాళ్ళ వెనకే వంటవాళ్ళు పెద్ద పళ్ళెంలో అన్నం ఆరబోసి నిజంగానే పులిహోర కలుపుతున్నారు. అష్టావధానంలో పృచ్ఛకుడు కుదరని మాట ఇస్తే అవధాని దాన్ని కుదిరే చోటికి తీసుకెళ్తాడు కదా. అన్నం గింజ లేకుండా పులిహోర కలపడమనే అసంభవాన్ని మన కుర్రకారు ఏ ఛందస్సూ లేకుండానే ఎప్పుడో పూరించేశారు. వాళ్ళ పూరణను మనం పద్యంలోకి తేవాలి, అంతే.

కొత్తకలం:

గురువుగారూ, బెంగళూరు నుంచి. నా రెండో తేటగీతి ఇది.

కొత్త సహచరి కూర్చుండఁ గుర్చి లాగి
కాఫి తెప్పించి కమ్మని కథలు చెప్పి
మాట పోపుగా నగవుల మంట మీఁద
అన్నమే లేని పులిహోర నతఁడు కలిపె

గోదారి అత్తయ్య:

బాబూ, నడక బాగుంది. "కమ్మని కథలు" అన్నచోట వంటింటి వాసన ముందే తగిలింది. కానీ పులిహోరని మంట మీద కలపరు నాయనా. అన్నం పలుకుగా వండి, పళ్ళెంలో పరిచి, వేడి మీదుండగానే పసుపూ నూనే వేసి, ఆరాక చింతపండు గుజ్జూ పోపూ పట్టిస్తారు. పొయ్యి మీద కలిపితే ముద్దయిపోతుంది. నానుడిని పద్యంలోకి తెచ్చేటప్పుడు అది పుట్టిన వంటింట్లోకి ఒకసారి తొంగి చూడాలి.

ఇంకొక్క మాట. ఈ పద్యంలో అతను కుర్చీ లాగాడు, కాఫీ తెప్పించాడు, కథలు చెప్పాడు. నగవులు ఎవరివి? ఆ అమ్మాయి నవ్విందా, లేక అతనే నవ్వుకుంటున్నాడా? పులిహోర కలపడం అనే మాటలోనే ఉంది, కలిపేవాడి హడావుడే తప్ప అవతలివాళ్ళు తిన్నారో లేదో తెలియదని. ఆ సంగతి పద్యంలో కాస్త తెలిస్తే బాగుండేది.

శ్రీకారం:

అత్తయ్యగారి మాట అక్షరాలా నిజం. వ్యాకరణం వైపు నుంచి నాదొకటి. "మీఁద" తర్వాత "అన్నమే" అని అచ్చును విడిగా ఉంచితే విసంధి, అంటే సంధి కలపని దోషం, అవుతుంది. మూడో పాదాన్ని క్త్వార్థంతో ("చేసి", "చెప్పి" వంటి మాటతో) ముగిస్తే ఆ ఇకారానికి సంధి లేదు, యడాగమం (మధ్యలో యకారం) వస్తుంది. అప్పుడు "యన్నమే" అని సాఫీగా అందుకోవచ్చు. యతికి ఇబ్బంది లేదు, లోపలి అచ్చు అకారమే.

కొత్తకలం:

అర్థమైంది అత్తయ్యగారూ. మూడో పాదం మార్చాను.

పలుకు పోపుగా నగవుల పసుపు చల్లి
యన్నమే లేని పులిహోర నతఁడు కలిపె

శ్రీకారం:

భేష్! మంట పోయి పసుపు వచ్చింది, విసంధీ పోయింది. పసుపు రంగు కోసం వేసేదే కాబట్టి, నవ్వు పైపై మెరుగని కూడా ధ్వనిస్తోంది. అత్తయ్యగారి రెండో ప్రశ్నకు కొంత జవాబు అందులోనే దొరికింది.

డాలస్ బాబాయి:

మా నాన్నగారు ఇక్కడ నా దగ్గరే ఉంటున్నారు. ఇది మా ఇంటి పద్యం.

షుగరు వచ్చిన తండ్రికై సొంతముగను
జిన్ని కొర్రల నుడికించి చింతపండు
పోపు కరివేప మిరపలు పొసఁగఁ గూర్చి
యన్నమే లేని పులిహోర నతఁడు కలిపె

ఓరుగల్లు పిల్లోడు:

బాబాయ్, పద్యం మంచిగున్నది. కానీ కొర్రలతో వండింది కూడా అన్నమే కదా! మా నాయనమ్మ జొన్నన్నం, కొర్రన్నం అనే అంటది. వరిది మాత్రమే అన్నం అంటే ఆమె ఒప్పుకోదు. అట్ల చూస్తే సమస్య తీరనట్టే.

డాలస్ బాబాయి:

నిజమే తమ్ముడూ. మెట్ట ఊళ్ళల్లో వరి పండగపూట వండుకునేదని మా నాన్నగారూ చెబుతారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నాల్లో కొర్రలకు పెద్ద పేరొచ్చింది కానీ, ఆయనకు అవి చిన్నప్పటి తిండి. అయితే ఇవాళ్టి వాడుక చూడండి. "నేను అన్నం మానేశాను" అని ఎవరైనా అంటే పస్తులున్నారని అనుకోం, వరి మానేశారని అనుకుంటాం. నా పూరణ ఆ వాడుక మీద నిలబడింది.

శ్రీకారం:

ఇద్దరి మాటా నిలుస్తుంది. అన్నమంటే తినేదని మూలార్థం, దాని ప్రకారం పిల్లవాడి ఆక్షేపణ సరైనది. షరతు ఇవాళ్టి వాడుక గురించి కాబట్టి బాబాయి పూరణా చెల్లుతుంది. "షుగరు వచ్చిన" అన్న ప్రయోగం నాకు ప్రత్యేకంగా నచ్చింది. మధుమేహం అని పెట్టి ఉంటే అది ఆసుపత్రి చీటీ అయ్యేది. మన ఇళ్ళల్లో ఆ జబ్బుకు షుగరు అనే పేరే ఉంది. అది వస్తుంది, పెరుగుతుంది, పడిపోతుంది. ఆ క్రియలన్నీ తెలుగువే.

ఓరుగల్లు పిల్లోడు:

ఇగ నాది.

మస్తు లైకులు రావలె మనకటంచు
రీలు తీయంగఁ గెమెరాను నిలువఁ బెట్టి
ఖాళి బేసిను లోపలఁ గరిటె తిప్పి
యన్నమే లేని పులిహోర నతఁడు కలిపె

శ్రీకారం:

ఊహ గట్టిది. ఖాళీ బేసిన్‌లో గరిటె తిప్పుతున్న మనిషి కళ్ళకు కట్టాడు. నానుడి అర్థం మీద ఆధారపడకుండా అన్నం లేకపోవడానికి కొత్త కారణం చూపించావు. "మస్తు" ఫారసీ మాట, అక్కడ మత్తెక్కిన అని అర్థం. మన దగ్గరికి వచ్చి "బోలెడు" అయింది. మూడో పాదంలో ఖా-గ యతి కూడా చక్కగా పడింది.

రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. "రీ"కి "ని" కుదరదు. ర, ల ఒకదానికొకటి చెల్లుతాయి కాబట్టి "లె"తో మొదలయ్యే మాట చూడు.

ఓరుగల్లు పిల్లోడు:

"రీలు తీయంగఁ గెమెరాను లెస్సఁ బెట్టి" అంటే నడుస్తదా సార్?

శ్రీకారం:

పరుగెత్తుతుంది! రాయలవారి కాలపు "లెస్స", నిన్నగాక మొన్న వచ్చిన "రీలు" ఒకే పాదంలో యతిమైత్రితో చేతులు కలిపాయి. వాడుకమాటలు పెడితే పద్యం పలచబడుతుందనే పెద్దలకు నేను ఈ పాదమే చూపిస్తాను. గణం కుదిరి, యతి కుదిరి, అర్థం కుదిరాక ఆ మాట వయసెంతని పద్యం అడగదు.

తంగేడుపువ్వు:

షరతుకు నిలుస్తుందో లేదో తెలియదు. బడి నుంచి వస్తుంటే దారిలో చూసింది రాశాను.

చెట్టు నీడలోఁ జిన్నారి చెల్లి కొఱకుఁ
బసిఁడి తంగేడు రేకులఁ బళ్ళెమందు
నిసుక పైఁ జల్లి యుత్తుత్తి యెసరు పెట్టి
యన్నమే లేని పులిహోర నతఁడు కలిపె

గోదారి అత్తయ్య:

అమ్మా తంగేడూ, ఇసుక మీద పసుపుపచ్చ రేకులు! పళ్ళెంలో పులిహోర రంగే వచ్చేసింది. పద్యం చదువుతుంటే మా తమ్ముడు నాకు మట్టి చిప్పలో వడ్డించిన గుజ్జనగూళ్ళు గుర్తొచ్చాయి. వాడు "తిను, తిను" అంటుంటే నేను నోరు చప్పరించేదాన్ని.

కొత్తకలం:

టీచర్‌గారూ, "ఎసరు పెట్టి" అనగానే నాకు మరోటి తట్టింది. ఆఫీసులో "నా సీటుకి ఎసరు పెట్టాడు" అంటాం. కావాలనే వేశారా?

తంగేడుపువ్వు:

లేదు బాబూ. ఆ పిల్లాడు నిజంగానే మూడు రాళ్ళ మీద చిన్న డబ్బా పెట్టి, నీళ్ళు లేకుండానే "ఎసరు మరుగుతోంది, దగ్గరికి రాకు" అన్నాడు చెల్లెలితో. ఆ మాట అలాగే వచ్చేసింది.

శ్రీకారం:

"ఉత్తుత్తి" ఒక్కటి చాలు, షరతు తీరింది. నిన్నటి పిల్లలూ ఇవాళ్టి పిల్లలూ అరువు తెచ్చుకోకుండా వాడే మాట అది. త-గణానికి (రెండు గురువులు, ఒక లఘువు) అచ్చంగా సరిపోయింది. "పెట్టి" తర్వాత "యన్నమే" సరే, "పళ్ళెమందు" తర్వాత "నిసుక" అని ద్రుతాన్ని (మాట చివరి నకారాన్ని) అందుకోవడం కూడా ముచ్చటగా ఉంది. కొత్తకలం అన్న రెండో అర్థం ఈ పద్యంలోకి రాకపోవడమే మేలు. దొరికిన ప్రతి శ్లేషనూ వాడాలని లేదు. అన్న చెల్లెలికి వండుతున్నచోట మరొకరి సీటు మాట ఎందుకు?

ఈ వారం పూరణల్లో నాకు మొదటిది ఇదే. రెండోది ఓరుగల్లు పిల్లోడిది, సవరించిన పాదంతో. కొత్తకలం పద్యం వచ్చే వారానికి ఇంకా పదునెక్కుతుందని నమ్మకం. బాబాయిగారి నాన్నగారికి మా అందరి నమస్కారాలు, పులిహోర ఎలా ఉందో ఆయన నోటే వినాలని ఉంది.

డాలస్ బాబాయి:

అడిగాను. "ఉప్పు చాలలేదు, పద్యం బాగుంది" అన్నారు.

శ్రీకారం:

వచ్చే వారానికి పాదం ఇదిగో, ఇదీ తేటగీతే. మామిడితోపుల ఊరివాళ్ళూ, మొనగాణ్ణి "వాడు తోపురా" అనే కాలేజీవాళ్ళూ ఇద్దరూ రావాలి. పూరణలు శనివారం రాత్రిలోగా పెట్టండి.

చెట్టు లేకున్నఁ దోపని చెప్పిరెల్ల