కథనం ఒకరిది, అవార్డు ఇంకొకరిదా? మన జిల్లా విలేకరుల సంగతి తేల్చండి

మర్రిగూడ మలుపు:
మొన్న మా వైపు ఒక మండల విలేకరికి లోకల్ ప్రెస్‌క్లబ్ వాళ్లు శాలువా కప్పారు. ఆ నెలలోనే అతను తెచ్చిన నీళ్ల కథనానికి అదే పత్రికలో పనిచేసే సీనియర్ ఒకాయనకు హైదరాబాద్‌లో అవార్డు వచ్చింది. పత్రిక పేరు, మనుషుల పేర్లు చెప్పను, చెప్పినా పెద్ద తేడా ఉండదు, ఏ పత్రికలోనైనా ఇదే తంతు. కథనం చదివాను, ఆ సీనియర్ బాగా రాశాడు, కాదనను. కానీ ఏ బోరు మూసేశారు, ఏ వాడకు నల్లా రావడం లేదు, ఏ ఇంట్లో ముసలామె మంచం దిగలేకపోతోంది అని ఆయనకు చెప్పింది ఎవరు? బండి మీద ఎక్కించుకుని ఊరూరా తిప్పింది ఎవరు? పేపర్లో ఆ మండల విలేకరి పేరు లేదు, అవార్డు దరఖాస్తులో అంతకన్నా లేదు.

నేను అనేది ఇంతే. జర్నలిజం అవార్డు ఏదైనా సరే, సమాచారం తెచ్చినవాళ్ల పేర్లన్నీ దరఖాస్తులో ఉండాలి, లేకపోతే ఎంట్రీ తిప్పి పంపాలి. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

డెస్క్ నైట్‌షిఫ్ట్:
నేను కాదంటాను అన్నా. జిల్లా పేజీలు పెట్టిన మనిషిని, కంట్రిబ్యూటర్ కాపీ, అంటే మండల విలేకరి పంపే వార్త, ఎలా వస్తుందో నాకు తెలుసు. వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు, పది లైన్లు, అందులో "ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు" ఒకటి, "అధికారులు స్పందించాలని కోరుతున్నారు" ఒకటి. ఎన్ని ఇళ్లు, ఎప్పటినుంచి, ఇంజనీర్ (ఏఈ) ఏమన్నాడు, నీళ్లు టెస్ట్ చేయించారా అని అడుగుదామంటే ఫోన్ ఎత్తడు. అది వార్తకు మొదలు మాత్రమే. ఆర్టీఐ పెట్టి కాగితాలు తెప్పించి, ఆఫీసర్ దగ్గర మాట తీసుకుని, లీగల్ నోటీసు వస్తే నిలబడేలా రాసినవాడిదే కథనం. అవార్డు పనికి ఇస్తారు, దారి చూపినందుకు కాదు.

ఇంకోటి, బయటివాడి కన్ను వేరు. పాలమూరు నుంచి వలస కూలీలతో బొంబాయి పోయే బస్సును మనం రోజూ చూస్తూనే ఉన్నాం. 2003లో జర్నలిస్టు పి. సాయినాథ్ ఆ బస్సు మీద ద హిందూలో రాశాకే దేశం చూసింది. మన దగ్గర అది బస్టాండు రద్దీ వార్త.

పాలమూరు పిల్లగాడు:
బొంబాయి బస్సు జోలికి రాకు భాయ్. రద్దీ అని హెడ్డింగ్ పెట్టింది మీ డెస్కే కదా. కోస్గి, నారాయణపేట, మక్తల్ వైపు విలేకరులు వలస గురించి రాయని ఏడు లేదు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఎట్ల ఇస్తాడు, తల్లిదండ్రులతో పోయిన పిల్లల పేర్లు బడి రిజిస్టర్‌లో ఎట్ల ఉంటాయి, తాళం వేసిన ఇంటి ముందు ముసలోళ్లు ఏం తిని బతుకుతారు, అన్నీ రాశారు. అవి జిల్లా పేజీలో వచ్చి జిల్లా పేజీలోనే పోయాయి. 1980ల చివర జిల్లా అనుబంధాలు మొదలయ్యాక ఊరి వార్త పేపర్ ఎక్కింది, మంచిదే, కానీ మహబూబ్‌నగర్‌లో అచ్చయింది నల్లగొండోడికి కనిపించదు, హైదరాబాదోడికి అసలే కనిపించదు. ఇంక అవార్డు జడ్జీ ఎక్కడ చదవాలి?

సాయినాథ్ గొప్పోడే, 2007లో మెగసెసే అవార్డు ఊరికే రాలేదు, ఆయన బస్సెక్కి కూలీల పక్కన కూర్చున్నాడు. మండల విలేకరిని బొంబాయి దాకా పంపి, పది రోజులు అక్కడ అడ్డా మీద ఉండి రాయమని టికెట్ డబ్బులిచ్చిన పత్రిక ఒకటి చూపించు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్లకు లెక్కకట్టి నెలకు ఇచ్చేది పెట్రోల్‌కు చాలదు, ఇక బయటివాడి కన్ను, లోపలివాడి కన్ను అని కథలెందుకు?

సాగర్ ఆయకట్టు:
ఎవరి పేరు పెట్టాలి అని కొట్టుకుంటున్నారు గానీ, అసలు ఎలాంటి కథనానికి అవార్డు ఇస్తున్నారో చూశారా? నల్లగొండ అనగానే ఫ్లోరైడ్, ఫ్లోరైడ్ అనగానే కాళ్లు వంకరపోయిన మనిషి ఫొటో. ఆ ఫొటో ఎన్ని పోటీలకు పోయిందో, ఎన్ని గోడలకెక్కిందో. తీసినవాళ్లను తప్పుపట్టడం లేదు, ఆ ఫొటోలు లేకపోతే ఢిల్లీకి మన బాధ తెలిసేది కాదు. కానీ ఒక్కసారి వరస చూడండి.

మన జిల్లాలో ఈ జబ్బు బయటపడింది 1940లలో. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దన్న నీళ్లను తరాలుగా తాగాం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని దేశదేశాల పుస్తకాల్లో ఉంది, మన ఊళ్లలో మాత్రం చాలాచోట్ల ఆ ప్లాంట్లు మూలకు పడ్డాయి. అదెందుకు పడ్డాయో, పటిక ఎవరు కొనాలో, కలిపేవాడికి జీతం ఎవరివ్వాలో రాసిన వార్తకు శాలువా కూడా రాలేదు, ఎందుకంటే అందులో ఏడిపించే బొమ్మ లేదు. 1996లో నీళ్ల కోసం పోరాడే జలసాధన సమితి పిలుపు మీద జనమే నామినేషన్లు వేసి నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీలో నిలబడితే బ్యాలెట్ పుస్తకమంత అయ్యింది, పోలింగ్ వాయిదా పడింది, ఆ ఏడే డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు. లోకం అంతా రాసింది అప్పుడు. అంతకుముందు ఏళ్ల తరబడి నీళ్ల గురించి రాసిన మండల విలేకరులు ఎవరికి గుర్తు?

ఇప్పుడేమో మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు వచ్చాయి, ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నా అని 2020లో ప్రకటించారు. మంచి మాట. మరి చివరి వాడకు నల్లా రోజూ వస్తోందా, పైపు పగిలిన వారం జనం మళ్లీ బోరు నీళ్లే తాగుతున్నారా, ఎముకలు అప్పటికే వంగిపోయినవాళ్లకు, అవి ఇక తిరిగి సరికావు కదా, పింఛను టైముకు అందుతోందా? ఏడాదంతా ఇది చూసి రాసేది మండలంలో ఉన్నవాడు ఒక్కడే. అవార్డుకు పంపాలంటే ఒక్క రోజు కథనం కావాలి, ఇతని పని ముక్కలు ముక్కలుగా ఏడాది పొడవునా ఉంటుంది. పేరు చేర్చినంత మాత్రాన ఆ లోటు పోదు.

డెస్క్ నైట్‌షిఫ్ట్:
సాగర్ సార్ చెప్పింది కొంత ఒప్పుకుంటాను. కానీ చిన్న పత్రికకు, చిన్న ఊరి వార్తకు పెద్ద అవార్డు రాదన్నట్టు మాట్లాడొద్దు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో స్టార్మ్ లేక్ టైమ్స్ అని ఒక పత్రిక, అప్పట్లో సర్క్యులేషన్ మూడు వేల చిల్లర, ఇంటిల్లిపాదీ పనిచేసే పేపర్. పొలాల నుంచి నైట్రేట్ నదిలో కలుస్తోందని డీమోయిన్ నగరానికి నీళ్లిచ్చే సంస్థ కౌంటీల మీద కేసు వేసింది. ఆ కేసులో కౌంటీల లాయర్ల ఖర్చు చాటుగా ఎవరు పెడుతున్నారో ఈ పేపర్ అడిగీ అడిగీ బయటపెట్టింది, వెనక ఉన్నది వ్యవసాయ వ్యాపార వర్గాలు. సంపాదకీయాలకు 2017లో ఎడిటర్ ఆర్ట్ కలెన్‌కు పులిట్జర్, అంటే అక్కడి పెద్ద జర్నలిజం అవార్డు, ఇచ్చారు. మన నీళ్ల గొడవ లాంటిదే. ఫీజు కట్టి ఎంట్రీ పంపారు, గెలిచారు. మన జిల్లా పేజీల నుంచి రామ్‌నాథ్ గోయెంకా అవార్డుకు ఎంతమంది పంపుతున్నారు? ప్రాంతీయ భాషలకు అందులో ప్రత్యేక విభాగమే ఉంది.

మర్రిగూడ మలుపు:
మంచి ఉదాహరణ ఇచ్చావు తమ్మీ, అయితే సగమే చెప్పావు. ఆ కాగితాల వెంట పడి వార్తలు తవ్వింది ఆయన కొడుకు టామ్, ఆ మాట తండ్రే చెప్పుకున్నాడు. అక్కడ తవ్వినవాడు ఇంటివాడు కాబట్టి గొడవ లేదు. మన దగ్గర తవ్వేవాడు ఎవరింటి కొడుకూ కాదు.

నీ పులిట్జర్‌లోంచే ఇంకోటి చెప్తా. 1981లో వాషింగ్టన్ పోస్ట్ రిపోర్టర్ జానెట్ కుక్‌కు అవార్డు వచ్చింది, ఎనిమిదేళ్ల పిల్లవాడికి హెరాయిన్ అలవాటైందని రాసిన కథనానికి. అసలు ఆ పిల్లవాడే లేడు, అవార్డు వెనక్కి ఇచ్చేశారు. పత్రికలో ఎవరూ ఆ పిల్లవాడిని కళ్లారా చూడకుండానే అది అచ్చయింది. దరఖాస్తులో మండల విలేకరి పేరు కూడా ఉండాలనడం దయతో కాదు, అతని పేరు ఉంటే జడ్జీలు అతనికి ఫోన్ చేసి "ఈ ఇల్లు నిజంగా ఉందా, ఈమె ఈ మాట అన్నదా" అని అడగొచ్చు. ఊళ్లో రేపు కూడా తిరగాల్సినవాడు అబద్ధానికి సంతకం పెట్టడు.

డెస్క్ నైట్‌షిఫ్ట్:
పెట్టేవాళ్లు కూడా ఉన్నారు లెండి. ఎమ్మెల్యే పుట్టినరోజు యాడ్లు తెచ్చేది ఎవరు, అదే ఎమ్మెల్యే చేతుల మీదుగా ఉత్తమ విలేకరి శాలువా కప్పించుకునేది ఎవరు? వెంచర్ వేసిన రియల్టర్ స్పాన్సర్, ఇసుక లారీల ఓనర్ ముఖ్య అతిథి. ముందు ఆ అవార్డులు బంద్ చేయండి, తర్వాత మా దరఖాస్తుల సంగతి చూద్దాం. ఆగస్టు 15న కలెక్టర్ చేతి నుంచి ప్రశంసాపత్రం తీసుకుని మర్నాడు కలెక్టరేట్ మీద ఏం రాస్తాడు?

విలేకరి ఇంటామె:
ఎప్పుడూ రాయను, ఈ రోజు రాస్తున్నా. మా ఆయన కంట్రిబ్యూటరే, దేవరకొండ వైపు. ఆ యాడ్ల టార్గెట్ పెట్టింది ఎవరన్నా, మీ పత్రికలే కదా? దసరాకు ఇంత, సంక్రాంతికి ఇంత, తేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాం అంటారు. బాకీ పడిన యాడ్ల డబ్బు నా పుస్తెలు కుదవపెట్టి కట్టాం ఒకసారి.

కలెక్టర్ కాగితం గురించి ఎగతాళి చేశారు. మా ఇంట్లో గోడ మీద ఉంది అది. ఇన్నేళ్ల పనిలో ఆయన పేరు అచ్చయిన కాగితం అదొక్కటే, పేపర్లో ఏనాడూ రాలేదు. దాన్ని చూసి మా అత్తమ్మ "నా కొడుకు పనిచేస్తున్నాడు" అని నమ్మింది. అది తీసుకోవడం తప్పంటే సరే తప్పే, మరి మీరేమన్నా ఇచ్చారా? ఇంకో మాట, అది వచ్చిన నెలలోనే ఆయన హాస్టల్ అన్నంలో పురుగుల వార్త రాశాడు, ఆఫీసర్లు ఫోన్ చేసి "నిన్నే కదయ్యా సన్మానం చేశాం" అన్నారు. వార్త ఆపలేదు.

డెస్క్ నైట్‌షిఫ్ట్:
అక్కా, మీ ఆయన్ను అనలేదు. టార్గెట్లు మేనేజ్‌మెంట్‌వి, డెస్క్‌వి కావు. అయినా ఆ ఫోన్ వచ్చింది చూశారా, నేను చెప్పేది అదే. ఆయన ఆపలేదు, ఆపేవాళ్లు పదిమంది ఉంటారు.

వనపర్తి వకీలు:
చదువుతున్నా ఇందాకటి నుంచి. అందరూ మర్యాద గురించి, నైతికత గురించి మాట్లాడుతున్నారు, అసలు కారణం ఎవరూ చెప్పడం లేదు. మండల విలేకరి పేరు దరఖాస్తులో ఎందుకు రాయరు? రాస్తే అతను తమ మనిషని పత్రిక సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం ఫుల్‌టైమైనా పార్ట్‌టైమైనా జర్నలిజం ప్రధాన వృత్తిగా ఉండి పత్రికలో పనిచేస్తే అతను వర్కింగ్ జర్నలిస్టే. 2020లో చేసిన లేబర్ కోడ్‌లోకి ఆ చట్టాన్ని కలిపారు, ప్రధాన వృత్తి అనే మాట అక్కడా ఉంది. అందుకే చాలాచోట్ల పనిలో పెట్టుకునేటప్పుడే "ఇది నా ప్రధాన వృత్తి కాదు" అని కంట్రిబ్యూటర్‌తో రాయించుకుంటారు. బైలైన్లు, అంటే వార్త మీద అచ్చయ్యే పేర్లు, అవార్డు కాగితాలు పోగైతే అవన్నీ రేపు లేబర్ కోర్టులో సాక్ష్యాలు. శాలువా సాక్ష్యం కాదు, అందుకే శాలువాకు ఎవరూ అడ్డు చెప్పరు.

పాలమూరు పిల్లగాడు:
వకీల్‌సాబ్ అసలు ముడి విప్పారు. ఇంకో సంగతి, మాట్లాడితే సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద అవార్డులు అంటారు, మా ఇటిక్యాలపాడు బిడ్డ, ఇప్పుడు తెలుగు యూనివర్సిటీకి కూడా ఆయన పేరే. 1926లో గోలకొండ పత్రిక పెట్టి, రాసుడు నుంచి ప్రూఫులు దిద్దుడు దాకా చేసిండు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే, వ్యాసం రాసి తిట్టి ఊరుకోలేదు, 1934లో 354 మంది కవుల పేర్లు, పద్యాలు అచ్చేసి చూపించిండు. ఆయన పేరుతో ఇచ్చే అవార్డులో పనిచేసినోడి పేరు రాయడానికి ఇంత భయమా?

సాగర్ ఆయకట్టు:
పేర్లు రాయండి, దానితోపాటు ఏడాది తర్వాత ఏమైందో ఒక పేజీ కూడా అడగండి. నల్లా వచ్చిందా, రాలేదా. నాకు అదే ముఖ్యం.

మర్రిగూడ మలుపు:
రెండూ కలిపే అడుగుదాం. జాతీయ అవార్డుల వాళ్లు మన మాట వినరు, జిల్లా ప్రెస్‌క్లబ్ వింటుంది. ఈసారి ఎంట్రీలు పిలిచే నోటీసులో "సమాచారం సేకరించినవారు" అని ఒక కాలమ్, "ప్రచురణ తర్వాత జరిగింది" అని ఒక కాలమ్ పెట్టమని లెటర్ ఇస్తా. వకీల్‌సాబ్ ఒకసారి చూసి సరిచేసి పెట్టండి. ఆ ఇంటామె ఆయనను కూడా సంతకం పెట్టమనండి, ఇబ్బంది అనుకుంటే వద్దు.

విలేకరి ఇంటామె:
ఆయన పెట్టడు. నేను పెడతా, నాకేం టార్గెట్ లేదు.

డెస్క్ నైట్‌షిఫ్ట్:
కాలమ్ పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. బ్యూరో ఇన్‌చార్జి బామ్మర్ది పేరు రాసి పంపుతారు, అప్పుడు మళ్లీ ఇక్కడే కలుద్దాం.