ఒకే రైఫిల్ అన్నిటికీ సరిపోవాలంటే: తేడా తుపాకీలో ఉందా, తూటాలో ఉందా?

మధురవాడ_మనవడు

అందరికీ నమస్కారం. మా తాతగారు పోయాక ఆయన .315 రైఫిల్ రెండేళ్లు డీలరు దగ్గర డిపాజిట్‌లో ఉండిపోయింది. పోయిన నెల లైసెన్సు నా పేరు మీద వచ్చింది. మాకు చోడవరం వైపు చెరకు తోట ఉంది. అడవిపందులు రాత్రికో మడి చొప్పున నేలమట్టం చేస్తున్నాయి. అనుమతి సంగతి ఊరి పెద్దలు అటవీశాఖతో మాట్లాడుతున్నారు. నేను అడగాలనుకున్నది వేరే.

టెక్సస్‌లో ఉన్న మా బావ "ఒక్క థర్టీ ఓ సిక్స్ (.30-06) రైఫిల్ ఉంటే చాలు, జింక నుంచి ఎలుగు దాకా అన్నిటికీ సరిపోతుంది" అంటాడు. నా రైఫిల్‌కేమో డీలరు దగ్గర ఒకటే రకం తూటా దొరుకుతోంది. అన్నిటికీ పనికొచ్చే గుణం రైఫిల్‌లో ఉంటుందా, తూటాలో ఉంటుందా? ఇంకోటి, రైఫిల్‌తోపాటు తాతగారి పాత తూటాలు 20 వెనక్కి వచ్చాయి. కొన్నిటికి పచ్చగా చిలుము పట్టింది. వాడొచ్చా?

గాజువాక_ఆర్మరర్

బాబూ, ముందు చిలుము సంగతి చెప్తాను. మిగతాదంతా దాని తర్వాతే.

మన ఊరి ఉప్పుగాలికి ఇత్తడి ఊరికే పాడవుతుంది. తోలు బెల్టులో గుచ్చి ఉంచినవైతే మరీ తొందరగా, తోలులోని పదును మందు ఇత్తడిని తింటుంది. ఒక్కో తూటానీ పొడిగుడ్డతో తుడిచి, వేలిగోరుతో మెల్లగా గీకి చూడు. గోరు జారిపోతే పైపై మరక. గోరు గుంటలో తగులుకుంటే లోహం తినేసినట్టే, అది పక్కన పెట్టు. ప్రైమరు, అంటే తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న మూత, దాని చుట్టూ ఉండే సన్న గీతలో పచ్చదనం కనిపించినా, కేసు (ఇత్తడి గొట్టం) మెడ దగ్గర వెంట్రుకంత చీలిక ఉన్నా అంతే. గరుకు కాగితం పెట్టి మెరుగు మాత్రం పెట్టకు, గోడ పల్చబడుతుంది. పక్కన పెట్టినవి లెక్క రాసి డీలరుకే అప్పగించు.

పాత తూటా పేలలేదనుకో, వెంటనే బోల్టు లాగకు. బ్యారెల్ గురి వైపే ఉంచి నిమిషం ఆగు. చెమ్మ తగిలిన ప్రైమరు ఆలస్యంగా అంటుకోవచ్చు. నా సర్వీసులో రెండుసార్లు చూశాను. రెండోసారి నా చెయ్యి అప్పటికే బోల్టు మీద ఉంది.

ఇక నీ ప్రశ్న. బ్రిటిష్ వాళ్లు సైన్యం వాడే .303ని ఇక్కడి జనానికి ఇవ్వలేదు. దాని బదులు ఆస్ట్రియా వాళ్ల 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటా .315 పేరుతో వచ్చింది. పశ్చిమ బెంగాల్ ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసే రైఫిల్, బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ పోలికలోనే ఉంటుంది. తూటాలోంచి బయటికి పోయే గుండు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. బరువైన, నిదానంగా పోయే, కొన మెత్తటి గుండు. దగ్గరి దూరానికి అది మంచి పనిముట్టే. ఇక్కడ దాని తయారీ మాత్రం ఆ ఒక్క గుండు దగ్గరే ఆగింది.

థర్టీ ఓ సిక్స్ కథ అలా కాదు. 1903లో అమెరికా సైన్యం 220 గ్రెయిన్ల గుండ్రటి కొన గుండుతో మొదలుపెట్టింది. 1906లో దాన్ని 150 గ్రెయిన్ల సూదికొన గుండుకి మార్చింది, ఆ పేరు అందుకే. కానీ బ్యారెల్ లోపలి గాడుల మెలిక మార్చలేదు, 10 అంగుళాలకు ఒక చుట్టు అలాగే ఉంచారు. ఎంత పొడుగు గుండుని నిలకడగా తిప్పగలదో తేల్చేది ఆ మెలికే. 220ని తిప్పగలిగింది 150నీ తిప్పుతుంది. ఈరోజు 110 నుంచి 220 దాకా ఆ ఒక్క బ్యారెల్లో వాడుతున్నారంటే ఆ పాత మెలిక చలవే.

సీతమ్మధార_టెక్సస్

ఆర్మరర్ గారూ, ఈ మెలిక సంగతి ఇక్కడి రేంజిలో కూడా నాకెవరూ ఇంత తేటగా చెప్పలేదు. ధన్యవాదాలండీ.

బావమరిదీ, బరువుతో కథ అయిపోలేదు. గుండు లోపల ఎలా కట్టారన్నదే అసలు విషయం. ఇక్కడ ఊరపందులు అడవిపాలై పంటల మీద పడుతున్నాయి, ఏడాది పొడుగునా వేటాడొచ్చు. మొదటి ఏడాది నేను ప్లాస్టిక్ కొన ఉన్న 150 గ్రెయిన్ల గుండు తీసుకున్నాను. గురి కాగితం మీద గుండ్లన్నీ ఒకే చోట గుంపుగా పడటం చూస్తే ముచ్చటేసింది. ఒకరోజు 30 గజాల్లో పెద్ద మగపంది కనిపించింది. భుజం మీద కొట్టాను, పడలేదు. తుప్పల్లో రెండు గంటలు వెతికి, మళ్లీ కాల్చాల్సొచ్చింది. కోసి చూస్తే మొదటి గుండు భుజం చర్మం కింద ఉండే గట్టి పొర మీదే చితికిపోయింది. మిగిలిన ముక్క తూకం వేస్తే 61 గ్రెయిన్లు. ఆ జంతువు పడ్డ బాధ నా ఎంపిక వల్లే. ఇప్పటికీ మనసు పట్టుకుంటుంది.

ఆ తర్వాత సీసాన్నీ రాగి తొడుగునీ అతికించి చేసిన 180 గ్రెయిన్ల గుండుకి మారాను. అలాంటి జంతువు నుంచే తీసినది 158 తూగింది. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుంది, వెనక భాగం చెక్కుచెదరలేదు.

180 గుండు బ్యారెల్ దాటేటప్పుడు సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో ఉంటుంది. 300 గజాలకు 2,200 దగ్గరకు పడిపోతుంది. అంత వేగంలో చితకకూడదు, ఇంత తక్కువలోనూ విచ్చుకోవాలి. అన్నిటికీ పనికొచ్చే గుండంటే నా లెక్కలో అదే. జాన్ నోస్లర్ 1946లో మూస్ వేటలో ఇలాగే గుండు చితికిపోయి దెబ్బతిని, మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న గుండు చేశాడు. ముందు గది విచ్చుకుంటుంది, వెనక గది బరువు నిలుపుతుంది. అమ్మకానికి 1948లో వచ్చింది, ఇప్పటికీ దొరుకుతోంది.

భీమిలి_టార్గెట్

మా క్లబ్బులో చేరేవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటి. ఒక బరువు గుండుతో స్కోపు (గురి చూసే దుర్భిణి) సరిచేసి, ఇంకో బరువు తూటా వేస్తారు. బ్యారెల్ ఒక్కో గుండుకి ఒక్కోలా కంపిస్తుంది, గుండు పడే చోటు పక్కకు కూడా జరగొచ్చు. ఏ రకం మార్చినా ముందు 100 గజాల్లో మూడేసి కాల్చి చూడండి. 1912లో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్‌కి ఆఫ్రికాలో అంత పేరు రావడానికి ఒక కారణం ఇదే: 270, 300 గ్రెయిన్ల గుండ్లు దాదాపు ఒకే చోట పడతాయని.

పూర్తి రాగి గుండ్ల గురించి ఎవరూ రాయలేదు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటాలు నిషేధం. విచ్చుకున్న సీసం సన్న రేణువులుగా మాంసంలో చేరుతుంది, దాన్ని తిన్న కాండర్ రాబందులు విషమెక్కి చచ్చాయి. అయితే రాగి సీసం కన్నా తేలిక. అదే బరువుకి గుండు పొడుగవుతుంది, ఎక్కువ మెలిక అడుగుతుంది. గట్టిది కాబట్టి విచ్చుకోవడానికి వేగమూ కావాలి. అందుకే 180 వాడేవాళ్లు రాగిలో 150కో 165కో దిగుతారు.

నర్సీపట్నం_రిటైర్డ్

అటవీశాఖలో పనిచేసి వచ్చినవాణ్ణి, రెండు మాటలు. అధికారమున్న అటవీ అధికారి రాతపూర్వక ఉత్తర్వు లేకుండా పొలంలో పంది మీద ఒక్క తూటా పేల్చినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చేతికి కాగితం వచ్చేదాకా రైఫిల్ పెట్టెలోనే ఉండనీ. దాని బదులు కరెంటు తీగలు, నాటుబాంబులు పెట్టే ఊళ్లున్నాయి. ఆ తీగలకి మనుషులు, పశువులు పోయిన పొలాల్లో పంచనామాకి నిలబడ్డాను నేను.

అనుమతి వచ్చినా, తొడుగు పూర్తిగా కప్పేసిన సైనిక రకం గుండు వద్దు. పందిలోంచి దూరి అవతల ఇంకేదాన్నో తగులుతుంది, దెబ్బతిన్న పంది చెరకులోకి దూరుతుంది. చెరకులో గాయపడ్డ పంది వెనకాల వెళ్లడం కన్నా ప్రమాదం నేను చూడలేదు. గుండు వెనక ఏముందో కనపడకపోతే కాల్చొద్దు. చెరకు తోట గోడ కాదు, గుండు దాటి పోతుంది.

మధురవాడ_మనవడు

మాస్టారూ, బావా, అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం 20 తూటాలూ వార్తాపత్రిక మీద పరిచి గోరుతో గీకి చూశాను. ఏడింటికి గోరు పట్టుకుంది. వాటిలో రెండింటికి ప్రైమరు చుట్టూ పచ్చటి వలయం. ఏడూ ఇవాళ డీలరుకి అప్పగించి రసీదు తీసుకున్నాను. మిగతా పదమూడూ తాతగారి తోలు బెల్టులోంచి తీసి డబ్బాలో పెట్టాను.

ఒక సందేహం మిగిలింది. తేమ పీల్చే సిలికా పొట్లం డబ్బాలో వేస్తే సరిపోతుందా?

గాజువాక_ఆర్మరర్

వెయ్యి, కానీ రంగు మారే రకం తీసుకో. రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ వెయ్యి. డబ్బా మూతకి రబ్బరు ఉండాలి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి తెరిచి చూడు. బెల్టుని తాతగారి గుర్తుగా వేరే చోట దాచుకో.