అమ్మకి అండాశయ క్యాన్సర్, స్టేజ్ 3సి: ముందు కీమోనా, ఆపరేషనా?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. అమ్మకి 63 ఏళ్ళు, షుగర్ ఉంది. పొట్ట ఉబ్బరం గ్యాసే అనుకుని రెండు నెలలు మాత్రలతో నెట్టుకొచ్చాం (ఆ బాధ ఇంకా పోలేదు నాకు). తీరా స్కాన్‌లో పొట్టనిండా నీరు, ఒమెంటమ్ (పేగుల మీద ఉండే కొవ్వు పొర) మీద గడ్డలు. సీఏ-125 (ఈ క్యాన్సర్‌లో పెరిగే రక్తపరీక్ష) 1,400. బయాప్సీలో హై గ్రేడ్ సీరస్ (వేగంగా పెరిగే రకం) అని వచ్చింది.

హైదరాబాద్‌లో ఒక డాక్టరుగారు ముందు మూడు సైకిళ్ళు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో ఇచ్చి, గడ్డలు తగ్గాక ఆపరేషన్, తర్వాత మళ్ళీ మూడు అన్నారు. ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) తక్కువగా 2.6 ఉందట, ఇప్పుడు కోస్తే కోలుకోవడం కష్టమన్నారు. రెండో ఆయనేమో కంటికి కనిపించే గడ్డ ఒక్కటీ మిగలకుండా తీయగలిగితే ముందు ఆపరేషనే మేలు, కానీ లాప్రోస్కోపీతో (చిన్న రంధ్రం లోంచి కెమెరా పెట్టి) లోపల చూశాకే చెప్తానన్నారు. 2010లో వచ్చిన యూరప్ అధ్యయనంలో రెండు దారుల్లోనూ ఆయుష్షు దాదాపు ఒకటేనని చదివాను. అది చదివాక అయోమయం ఇంకా పెరిగింది.

ముందు కీమో తీసుకున్నవాళ్ళ ఇళ్ళలో ఎవరైనా ఉన్నారా? నీరు ఎన్నో సైకిల్‌కి తగ్గింది? ఆ లాప్రోస్కోపీ చేయించుకోవడం మంచిదేనా? సర్జన్ని ఏమేం అడగాలి? అమ్మ మాత్రం “కోసేయమనండి, పీడా పోతుంది” అంటోంది. సోమవారంలోపు చెప్పాలి.