పట్టపగలే పెరట్లోకి నక్క: కరవకపోయినా రేబిస్ టీకా వేయించాలా?

మా ఇల్లు ఊరి చివర, పొలాలకు ఆనుకుని ఉంటుంది. రాత్రుళ్లు నక్కలు కూయడం మామూలే. కానీ ఈమధ్య ఒకటి పట్టపగలే పెరట్లోకి వస్తోంది. అదిలించినా కదలదు, తూలుతూ నడుస్తోంది. ఇవాళ పొద్దున ఆ నక్క మా కుక్క మెడ పట్టుకుంది. కుక్కకు ఏటా టీకా వేయిస్తూనే ఉన్నాం.

విడదీయబోయిన తమ్ముణ్ణి నక్క కరవలేదు. కానీ దాని చొంగ వాడి చేతికి అంటింది, ఆ చేతి మీద కొడవలి గీరిన పుండు ఇంకా పచ్చిగానే ఉంది. సబ్బుతో, ధార కింద 15 నిమిషాలు కడిగించాను. వాడేమో "కరవందే సూదెందుకు" అంటాడు. పచ్చిపుండుకు చొంగ తగిలినా రేబిస్ సోకొచ్చు, లక్షణాలు మొదలయ్యాక మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. అందుకే వాదించకుండా ఆసుపత్రికి బయల్దేరదీస్తున్నాను.

ఇలాంటప్పుడు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు) కూడా ఇస్తారా? పక్కింటాయన "పది రోజులు చూడండి, ఆ జంతువు బాగానే ఉంటే భయం లేదు" అంటున్నాడు, అది కుక్కకో పిల్లికో చెల్లుతుంది గానీ అడవి జంతువుకు కాదు కదా? మా కుక్కకు వెంటనే బూస్టర్ వేయించాక ఎన్నాళ్లు వేరుగా కట్టెయ్యాలి?

ఇంకోటి. కుర్రాళ్లు ఆ నక్కను కర్రలతో కొట్టి చంపుతామంటున్నారు. దగ్గరికెళ్తే వాళ్లకే ముప్పు, పైగా తల చితికితే రేబిస్ ఉందో లేదో తేల్చే పరీక్షకు మెదడు పనికిరాదు. అటవీ శాఖకు చెప్పాలా, పశువుల డాక్టరుకా? ఇలాంటిది ఎదురైనవాళ్లు ముందు ఎవర్ని కదిలించారో చెప్పండి.