చెప్తే కదలడు, పీరియడ్ మారితే అరుస్తాడు: క్లాసులో ఏం మార్చాలి?

మూడో తరగతి టీచర్:
ఆటిజం ఉన్న బాబు. చదవడం బాగానే వచ్చు. "పుస్తకం తీసి, నలభయ్యో పేజీలో లెక్కలు చేసి, తెచ్చి చూపించు" అంటే బొమ్మలా కూర్చుంటాడు. వేరే మాటల్లో విడమర్చి చెప్తే చెవులు మూసుకుంటాడు. బెల్లు కొట్టగానే అరుపులు. క్లాసులో 38 మంది, ఆయా లేదు. ఒక్కదాన్నే ఏం చేయగలను?

స్పెషల్ ఎడ్యుకేటర్:
విడమర్చి చెప్పడమే అడ్డం పడుతోందండి. మొదటి వాక్యం ఇంకా బుర్రలోకి ఎక్కుతుండగానే రెండోది వచ్చిపడితే మళ్లీ మొదటికొస్తుంది. ముందు పేరు పిలవండి, ఎందుకంటే "అందరూ తియ్యండి" అన్నది తనక్కూడా అని తట్టకపోవచ్చు. తర్వాత ఒక్క పనే: "లెక్కల పుస్తకం తియ్యి." మనసులో పది లెక్కపెట్టండి. నిలబడి చూస్తుంటే పది అంకెలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అయినా ఆగండి. కదలకపోతే అవే మాటలు, అదే వరసలో ఇంకోసారి చెప్పండి. చదవగలడు కాబట్టి మూడు పనులూ చీటీ మీద రాసి బెంచీ మీద పెడితే ఇంకా నయం; మాట గాల్లో పోతుంది, చీటీ అక్కడే ఉంటుంది.

"పుస్తకం తీస్తావా?" అనకండి. "తియ్యను" అంటే అది పొగరు కాదు, మీరడిగినదానికి జవాబు. "పరిగెత్తొద్దు" బదులు "నడువు" అనండి. నా కళ్లలోకి చూడు అని పట్టుబట్టొద్దు, చూస్తూ వినడం చాలామందికి కుదరదు.

రిసోర్స్ రూమ్ టీచర్:
బెల్లు దగ్గర రెండు విషయాలున్నాయి: చప్పుడు ఒకటి, చేస్తున్న పని తెగిపోవడం ఒకటి. ఏదో ముందు తేల్చుకోండి. బెల్లు లేకుండా పని మార్చినా అరిస్తే చప్పుడొక్కటే కారణం కాదు.

చప్పుడైతే, కొట్టే ముందు చెవులకు హెడ్‌ఫోన్ లాంటి మఫ్స్ ఇచ్చి, ఆగాక తీయించండి. రోజంతా ఉంచితే మామూలు శబ్దాలు కూడా భరించలేకపోవచ్చు.

పని తెగడమైతే, బెంచీకి ఒక అట్ట అతికించి, వెల్క్రోతో ఆ రోజు పనులు వరసగా చూపించే నాలుగైదు కార్డులు పెట్టండి. అయిపోయిన కార్డు తనే తీసి కవర్లో వేయాలి. ఐదు నిమిషాల ముందు, మళ్లీ ఒక నిమిషం ముందు, తర్వాతి కార్డు మాట్లాడకుండా చూపించండి. సగంలో ఆగిన లెక్క పక్కన "రేపు 10 గంటలకు" అని రాయండి, రాశాక ఆ మాట తప్పకండి. ఈ అట్టలు ఎక్కువగా మూలపడేది ఎక్కడంటే, టీచర్ రాని రోజు టైమ్‌టేబుల్ మారుతుంది, కార్డు మారదు. అందుకే "మార్పు" అని ఒక కార్డు చేసి, ముందు ఇష్టమైన మార్పులతో అలవాటు చేయాలి.

మూడో తరగతి టీచర్:
థాంక్సండి. అరుపులు మొదలైపోయాక?

స్పెషల్ ఎడ్యుకేటర్:
అప్పుడు ప్రశ్నలు, బుజ్జగింపులు, ముట్టుకోవడం అన్నీ ఆపేయండి. బాబుని లాగే కన్నా పక్క పిల్లల్ని జరపడం తేలిక. కుదురుకున్నాక కూడా కాసేపు కొత్త పని ఇవ్వొద్దు, "ఎందుకలా చేశావ్" అని నిలదీయొద్దు.

అసలు దానికి ముందే, కాసేపు ఆగాలని అడగడానికి "బ్రేక్" కార్డు చూపించడం నేర్పండి, ప్రశాంతంగా ఉన్నప్పుడే. తను చూపించిన వెంటనే, మొదట్లో ప్రతిసారీ, చెప్పిన మూలకు రెండు నిమిషాలు పంపాలి. "ఈ లెక్క అయ్యాక వెళ్లు" అన్నారనుకోండి, కార్డు పనిచేయదు, అరుపు పనిచేస్తుందని మీరే నేర్పినట్టు.