తోట గదిలో కాపురం: కౌన్సిల్ నోటీసు ఇవ్వాలా, వదిలేయాలా?

మల్లెపందిరి:
ఇంగ్లండ్‌లో ఉంటున్నవాళ్ళు ఒక మాట చెప్పండి. మా వెనకింటివాళ్ళు తోట చివర జిమ్ అని చెప్పి ఒక గది కట్టారు. 2023 ఆగస్టులో అందులోకి ఒక కుటుంబం అద్దెకు దిగింది. వంట, స్నానం, పడక అన్నీ అక్కడే. బయటికి రావాలంటే ఇంటి పక్క సందు ఒక్కటే దారి. అందులో చెత్త డబ్బాలు పెడితే మనిషి నడవడమే కష్టం. ఇద్దరు చిన్న పిల్లలు ఉన్నారు.

కౌన్సిల్‌కి, అంటే మన మున్సిపాలిటీ లాంటి దానికి, ఫిర్యాదు రాశాను. ఏడు నెలల తర్వాత, ప్రస్తుతం చర్య అవసరమని అనుకోవడం లేదంటూ రెండు లైన్ల మెయిల్ వచ్చింది. మా ఆడపడుచేమో "వాళ్ళని రోడ్డున పడేస్తే నీకేం ఒరుగుతుంది వదినా" అంటోంది. నాకు వాళ్ళ మీద ఏ కోపమూ లేదు. జిమ్ అని కట్టి ఇల్లుగా అద్దెకిచ్చినా కౌన్సిల్ పట్టించుకోకపోతే ఇక రూల్స్ ఎందుకు? చర్య తీసుకోవాల్సిందే అని నా అభిప్రాయం. మీరేమంటారు?

రెండోతాళం:
నేను ఒప్పుకోను. నాకూ ఒక ఇల్లు అద్దెకుంది, కాబట్టి ఓనర్ల వైపు నుంచే చెబుతున్నాను. పర్మిషన్ లేకుండా వినియోగం మార్చడం దానంతట అది నేరం కాదు. ఆ వాడకం ఆపమని కౌన్సిల్ నోటీసు ఇచ్చాక పాటించకపోతేనే నేరం. చట్టం కౌన్సిల్‌కి విచక్షణ ఇచ్చింది: ఇరుగుపొరుగుకి హాని ఎంత, చర్య తీసుకుంటే మేలెంత అని చూడమంది. మీకు శబ్దం లేదు, పార్కింగ్ గొడవ లేదు, మీ కిటికీకి అడ్డం లేదు. మరి హాని ఎక్కడుంది? ఇళ్ళు దొరక్క జనం అల్లాడుతుంటే ఉన్న కప్పు ఊడగొట్టమనడం న్యాయం కాదు.

ఇంకో మాట. ఇంటిగా మార్చిన భవనం మీద నాలుగేళ్ళ లోపు చర్య తీసుకోకపోతే ఆ తర్వాత కుదరదనే పద్ధతి ఉండేది. ఇప్పుడు దాన్ని పదేళ్ళు చేశారు. తెలియక అలాంటిది కొనుక్కున్నవాడు పదేళ్ళు టెన్షన్‌తో బతకాలా?

నక్షా:
ప్లానింగ్ పనిలో, అంటే కట్టడాల పర్మిషన్లు చూసే పనిలో, కొన్నేళ్ళు ఉన్నాను. రెండు విషయాలు సరిచేయాలి.

గడువు పెరిగిన మాట నిజమే. 2023 నాటి లెవెలింగ్ అప్ చట్టం వల్ల ఇంగ్లండ్‌లో అన్నిటికీ పదేళ్ళే. కానీ అది 2024 ఏప్రిల్ 25 నుంచి అమలైంది. ఆ తేదీకి ముందే ఇల్లుగా మారిపోయిన భవనానికి పాత నాలుగేళ్ళే వర్తిస్తాయి. మల్లెపందిరి గారూ, ఆ కుటుంబం నిజంగా 2023 ఆగస్టు నుంచీ ఆగకుండా ఉంటే గడువు 2027 ఆగస్టుతో అయిపోతుంది. కౌన్సిల్ ఊరికే కూర్చుంటే ఆ గది చట్టబద్ధమైన ఇల్లయిపోతుంది. అప్పుడు ఓనరు ఆ మేరకు సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవచ్చు.

అయితే మోసం చేసి దాచినవాళ్ళకి ఈ రక్షణ అంత సులభంగా దొరకదు. వెల్విన్ హాట్‌ఫీల్డ్ కౌన్సిల్ కేసు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒకాయన గడ్డి దాచే కొట్టానికి పర్మిషన్ తీసుకుని, బయటికి కొట్టంలా, లోపల పూర్తి ఇల్లులా కట్టుకున్నాడు. నాలుగేళ్ళు గుట్టుగా కాపురం ఉండి సర్టిఫికెట్ అడిగాడు. అలాంటి మోసం మీద లాభం పొందడానికి వీల్లేదని 2011లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది లోకలిజం చట్టం కూడా దాచిపెట్టిన కేసుల్లో గడువు దాటినా మేజిస్ట్రేట్ కోర్టు అనుమతితో చర్య తీసుకునే వీలు కల్పించింది. "జిమ్" అని చెప్పి కట్టడం ఆ స్థాయి మోసమా కాదా అన్నది సాక్ష్యాలను బట్టి ఉంటుంది.

ఇక రెండోతాళం గారు హాని లేదన్నారు. తోటలో గది పర్మిషన్ లేకుండా కట్టుకోనిచ్చేది ఇంటివాళ్ళ అవసరానికి తోడుగా వాడుకుంటారనే. వేరే కాపురం పెట్టడానికి కాదు. ఆ షరతు మీదే ఆ సౌకర్యం నిలబడింది.

ఆరేళ్ళఅద్దె:
నేను అలాంటి గదిలోనే ఉన్నాను. ఓనరు పేరు చెప్పను. చలికాలం గోడల మీద నీళ్ళు కారేవి, పిల్లాడికి దగ్గు తగ్గేది కాదు. మా మీద ఎవరో ఫిర్యాదు చేశారు. ఓనరు నోటీసు మాకు చూపించనేలేదు. ఒక రోజు వచ్చి మూడు వారాల్లో ఖాళీ చేయమన్నాడు, అంతే. ఆయన మరుసటి నెల ఇంకో ఇల్లు కొన్నాడు. మేం మాత్రం చుట్టాల హాల్లో నాలుగు నెలలు పడుకున్నాం.

చర్య తీసుకోవద్దని నేను అనను. ఆ గది మనుషులు ఉండదగ్గది కాదు. కానీ మీరందరూ గడువులు లెక్కపెడుతున్నారు. లోపల ఉన్నవాళ్ళకి ఏం తెలియాలో ఎవరూ చెప్పలేదు.

నక్షా:
మీరన్నది నిజం. ముందే చెప్పాల్సింది. నోటీసు ఓనరుకే కాదు, అందులో ఉంటున్నవాళ్ళకి కూడా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అది అమల్లోకి రావడానికి కనీసం 28 రోజులు ఉంటుంది. ఆ లోపు అద్దెకున్నవాళ్ళు కూడా అప్పీలు చేయవచ్చు, ఖాళీ చేయడానికి ఇచ్చిన సమయం చాలదనే కారణం మీద కూడా. అప్పీలు తేలేవరకు నోటీసు ఆగుతుంది. మీకు ఆ కాగితం అంది ఉంటే మూడు వారాల మాటే వచ్చేది కాదు.

రెండోతాళం:
కాగితం దాచిన ఓనరుని నేనూ సమర్థించను. కానీ ఆ తడి గోడల సంగతి ప్లానింగ్‌వాళ్ళ పని కాదు కదా?

నక్షా:
కాదు, అందుకే మల్లెపందిరి గారు తలుపు మార్చి తట్టాలి. కౌన్సిల్‌లోనే హౌసింగ్ విభాగం ఉంటుంది. ప్లానింగ్‌లో చర్య తీసుకోవడం వాళ్ళ ఇష్టం మీద ఉంటుంది. 2004 హౌసింగ్ చట్టం కింద అలా కాదు. నిప్పంటుకుంటే తప్పించుకునే దారి లేకపోవడం, తడి, చలి లాంటివి తీవ్ర స్థాయిలో ఉన్నాయని తేలితే కౌన్సిల్ ఏదో ఒక చర్య తీసుకుని తీరాలి. మరమ్మతు చేయమని ఓనర్ని ఆదేశించడం కూడా అందులో ఒకటి. ముందు అక్కడికి వెళ్ళండి.

మల్లెపందిరి:
నేను ఇంతవరకు ఓనర్ని పట్టుకోవాలనే చూశాను, సందులో మంట వస్తే ఆ పిల్లలు ఎటు పరిగెత్తాలని రాయనేలేదు. ఫిర్యాదులో అసలు రాయాల్సింది అదే. రేపు హౌసింగ్ విభాగానికి రాస్తాను. ప్లానింగ్‌కి కూడా 2027 ఆగస్టు సంగతి గుర్తుచేస్తూ మళ్ళీ రాస్తాను, ఆ విషయంలో నా అభిప్రాయం మారలేదు. దానికంటే ముందు ఈ సాయంత్రం ఆ గదిలో ఉంటున్న పిల్లల తల్లితో మాట్లాడతాను. ఏ కాగితం వచ్చినా ఓనరు చేతికి ఇవ్వకుండా ముందు చదువుకోమని చెప్పాలి.

ఆరేళ్ళఅద్దె:
వెళ్ళేటప్పుడు ఓనరు ఇంట్లో లేని టైమ్ చూసుకుని వెళ్ళండి అక్కా. ఆయన చూస్తే ఆమె తలుపు తీయదు.