కోనసీమ పెరట్లో హనీబెర్రీ కాస్తుందా? కూల్‌డ్రింక్ ఫ్రిజ్‌లో పెట్టి చూద్దామనుకుంటున్నాను

లంక మాష్టారు:

అందరికీ నమస్కారం అండి. మాది రావులపాలెం దాటాక గౌతమి గట్టు కింద ఊరు. ముప్పై మూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పెరట్లో ఏడు కొబ్బరిచెట్లు, రెండు పనస, కరివేపాకు, మా ఆవిడ మల్లెపాదు. చెప్పుకోదగ్గ తోటేం కాదు.

పోయినేడు జూన్‌లో కెనడాలో మా అమ్మాయి దగ్గరకి, సాస్కటూన్ వెళ్లాం. వాళ్ల పెరట్లో కంచె వెంట నడుమెత్తు పొదలు నాలుగున్నాయి. పైనుంచి చూస్తే ఒట్టి ఆకే. కొమ్మ ఎత్తి చూపించింది మనవరాలు. కింద గుత్తుగా నీలం కాయలు! వేలి కొసంత పొడుగు, ద్రాక్షకన్నా సన్నం. పైన విభూతి రాసినట్టు తెల్లపొడి. బొటనవేలితో తుడిస్తే లోపల్నుంచి నేరేడు రంగు తేలింది. నోట్లో వేసుకుంటే నమలక్కర్లేదు, తొక్క దానంతటదే కరిగిపోతుంది. ముందు పులుపు, వెనకాల తీపి, ఆఖర్న చిన్న వగరు. మా ఆవిడ రెండు తిని "ఇది మన వాక్కాయకి చెల్లెలండీ" అంది. దాని పేరు హనీబెర్రీ అని, హాస్కాప్ అని కూడా అంటారని మా అమ్మాయి చెప్పింది.

ఈ సంక్రాంతికి మనవరాలు వస్తోంది. "తాతా, మీ ఇంట్లో ఆ చెట్టు ఉందా?" అని ఫోన్‌లో అడిగింది. ఉందని చెప్పేశాను. ఎందుకంటే అప్పటికే ఆన్‌లైన్‌లో రెండు మొక్కలు తెప్పించి ఉన్నాను, ఒక్కోటి 640 రూపాయలు. లేబుల్ మీద హనీబెర్రీ అని రాసి, కింద "అన్ని వాతావరణాలకూ అనుకూలం" అని కూడా ఉంది. పదమూడు నెలలైంది. మొక్కలు ఏపుగా పెరిగి ఇప్పుడు నా ఎత్తు దాటాయి. నీలం కాయ మాత్రం లేదు. మార్చిలో ఒకసారి పచ్చగా గొంగళిపురుగుల్లాంటివేవో వేలాడాయి. అవి పూలేమో అనుకున్నాను. ఎర్రబడేలోపే ఉడతలు ఖాళీ చేశాయి.

ఈ మొక్కకి చలి పడితేనే కాపని తర్వాత చదివాను. మొన్న డిసెంబరులో రొయ్యల లోడుకి ఐసు కొట్టే ఫ్యాక్టరీ నుంచి గడ్డలు తెచ్చి వారం రోజులు పాదులో పోశాను. పక్కింటాయన గోడమీంచి చూసి "మాష్టారూ, మొక్కని బాక్సులో పెట్టి కలకత్తా పంపుతారా ఏంటి" అన్నాడు.

ఇప్పుడు ఆలోచన ఏమిటంటే, మా బావమరిదికి కూల్‌డ్రింక్ షాపుంది. చలికాలం బేరం తక్కువ, ఒక ఫ్రిజ్ ఖాళీగా ఉంటుంది. అందులో కుండీతో సహా డిసెంబరు, జనవరి పెడితే 62 రోజులు, రోజుకి 24 గంటల చొప్పున 1488 గంటల చలి. సరిపోతుందా? మాది ఒండ్రు నేల, కాస్త ఇసుక. పుల్లమట్టి ఏమైనా కలపాలా? ఇదంతా కాదంటే వచ్చేసారి మా అమ్మాయి సూట్‌కేసులో నాలుగు కొమ్మలు తేవచ్చా?

కడియం కుర్రాడు:

మాష్టారూ, ఫ్రిజ్ సంగతి తర్వాత. ముందు మొక్క దగ్గరకెళ్లి రెండు పనులు చేయండి.

ఒకటి, ఆకులు కొమ్మమీద ఎలా పుట్టాయో చూడండి. హనీబెర్రీకి కణుపు దగ్గర రెండాకులు ఎదురెదురుగా, నమస్కారం పెట్టినట్టు ఉంటాయి. మీ మొక్కకి ఈ కణుపులో ఒకటి ఇటు, పై కణుపులో ఒకటి అటు ఉంటే అది హనీబెర్రీ కాదు. రెండోది, ఆకు తొడిమ తుంచండి. పాలు కారితే ఇంక అనుమానం లేదు.

ఆ గొంగళిపురుగుల మాట వినగానే నాకు అర్థమైందండి. అది మల్బరీ. పట్టుపురుగులకి వేసే ఆకే. మా కడియపులంక నర్సరీల్లో అదే సైజు మొక్క ఎంతకి దొరుకుతుందో చెబితే మీరు బాధపడతారు, చెప్పను. బెర్రీ అని పేరు చివర తగిలిస్తే చాలు, రేటుకి రెక్కలొస్తాయి. హనీబెర్రీ అనే పేరు కూడా ఒక్క చెట్టుది కాదు. దక్షిణ అమెరికాలో లిచీ లాగా పచ్చ తొక్కతో కాసే పెద్ద చెట్టొకటుంది, దాన్నీ ఇంగ్లీషులో అలాగే పిలుస్తారు. మీరు తిన్నది లోనిసెరా, మన పందిళ్లకి పాకించే హనీసకిల్ తీగ కుటుంబం.

పాలకొల్లు టు సాస్కటూన్:

బాబాయిగారూ నమస్తే. పుట్టింది పాలకొల్లు, పదకొండేళ్లుగా ఉంటున్నది మీ అమ్మాయిగారి ఊరే. మా పెరట్లోనూ ఐదు పొదలున్నాయి, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

మట్టి గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. పుల్లమట్టి కావలసింది బ్లూబెర్రీకి. మట్టి పులుపు కొలిచే పీహెచ్ 5 నుంచి 8 దాకా ఎంతున్నా హనీబెర్రీ సర్దుకుంటుంది. మీ ఒండ్రుమట్టి చూస్తే ఎగిరి గంతేస్తుంది. గొడవంతా చలితోనే, అంతకన్నా ఎక్కువగా ఎండతో.

ఇక్కడ అక్టోబరుకి ఆకు మొత్తం రాల్చేసి పడుకుంటుంది. మైనస్ 35 దాటిన రాత్రులు చూశాను. ఇంట్లో డీప్ ఫ్రీజర్ మైనస్ 18 ఉంటుంది, అంటే దానికన్నా పదిహేడు డిగ్రీలు ఎక్కువ చలి. ఆ మంచులో పుల్లలు పట్టుకుంటే చీపురుపుల్లల్లా ఉంటాయి, చచ్చిపోయాయనే అనిపిస్తుంది. ఏప్రిల్ ఆఖరుకి ఇంకా అక్కడక్కడా మంచు ఉండగానే మొగ్గ విచ్చుతుంది. పూత మీద మైనస్ 7 పడినా కాయ నిలుస్తుంది. మన మామిడిపూత పొగమంచుకే రాలిపోతుంది కదా!

పూత అంటే గుర్తొచ్చింది. లేతపసుపు పూలు రెండేసి జంటగా వేలాడతాయి. ఆ రెండు పూల అడుగునా ఉండే చిన్న రేకులు కలిసిపోయి, కండపట్టి, రెంటినీ కప్పేసి ఒకే కాయవుతుంది. రెండు పూలకి ఒక కాయ. కవల అరటిపండు తింటే కవలలు పుడతారని మా నాయనమ్మ తిననిచ్చేది కాదు. ఆ లెక్కన ఇక్కడ ప్రతి కాయా కవలే.

ఒక్క పొద వేస్తే కాపు ఉండదు. తన పుప్పొడి తనకి పనికిరాదు, రెండో రకం కావాలి. అదీ చుట్టం కాకూడదు. ఇక్కడి సాస్కచెవాన్ యూనివర్సిటీవాళ్లు ఇచ్చిన టండ్రా, బొరియాలిస్, ఇండిగో జెమ్ రకాలు దగ్గరి బంధువులు, ఒకదానికొకటి కుదరవు. నేను మొదట టండ్రా మూడు కొని రెండేళ్లు పూత చూసి మురిసిపోయాను, పిడికెడు కాయలు కూడా రాలేదు. తర్వాత పక్కన అరోరా నాటితే గిన్నెలు నిండాయి. మేనరికం కుదరదన్నమాట.

ఇంకో తప్పు కూడా చేశాను. తొక్క నీలం కాగానే కోసేశాను. అది మోసం. పైన రంగు తిరిగాక కూడా లోపల పండడానికి రెండు వారాల దాకా పడుతుంది. ఒకటి కొరికి చూస్తే లోపల పచ్చగా ఉంది, పళ్లు జివ్వుమన్నాయి. లోపలంతా ముదురు ఊదా అయ్యాకే కోయాలి. కానీ అంతవరకూ సెడార్ వాక్స్‌వింగ్ అనే పిట్టలు ఊరుకోవు. వల కప్పాల్సిందే.

ఇక మీ ఫ్రిజ్. 1488 గంటల లెక్క తప్పు కాదు. చలి గంటలు లెక్కపెట్టేది సున్నా నుంచి 7 డిగ్రీల మధ్యే, కూల్‌డ్రింక్ ఫ్రిజ్ ఆ లోపలే ఉంటుంది. కానీ ఆకుతో ఉన్న మొక్కని తీసుకెళ్లి చీకట్లో పెడితే ఆకు కుళ్లుతుంది. పగలు తగ్గుతూ, చలి మెల్లగా పెరుగుతూ అది ముందు నిద్రకి ఒరగాలి. కోనసీమలో దాన్ని నిద్రపుచ్చేదెవరు? సంక్రాంతి భోగిమంట దగ్గర కూడా మనకి పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలేగా. పోనీ ఎలాగో పడుకుంది, ఫిబ్రవరిలో బయట పెడితే పూసింది, బ్రష్షుతో పుప్పొడి కూడా అద్దారు అనుకుందాం. పూతనుంచి పండుకి ఆరేడు వారాలు చల్లటి రోజులు కావాలి. మీకు మార్చిలోనే ఉక్క మొదలు. ఇక్కడ జూలైలో ముప్పై దాటితేనే దీని ఆకులు గోధుమరంగుకి మాడతాయి. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి మే నెల కుండీ మట్టిలో ఉడికిపోతాయి. పైగా మీకు మేలో రాత్రిళ్లు కూడా చల్లబడదు. పగలు వండుకున్నదంతా రాత్రి ఊపిరికే ఖర్చు పెట్టేసుకుని మొక్క చిక్కిపోతుంది.

సూట్‌కేసులో కొమ్మలు మాత్రం వద్దు బాబాయిగారూ. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉంది. దిగుమతి పర్మిట్టూ, ఇక్కడి నుంచి మొక్కకి తెగులు లేదని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్టూ లేకుండా ముక్క తేకూడదు. ఎయిర్‌పోర్టులో మీ అమ్మాయి ఇరుక్కుంటుంది. ఎండబెట్టిన పళ్లు కూడా ముందు రూల్ కనుక్కున్నాకే.

కాకినాడ కాజా:

లంబసింగిలో వేయొచ్చుగా? అక్కడ సున్నా పడుతుంది, స్ట్రాబెర్రీలు కూడా పండిస్తున్నారు. నర్సీపట్నం మీంచి ఓ పూట ప్రయాణం.

కడియం కుర్రాడు:

కాజాగారూ, నేను వెళ్లి చూసొచ్చాను. అక్కడ సున్నా పడేది ఏడాదికి కొన్ని తెల్లవారుజాములు. పదకొండింటికి స్వెటర్ విప్పి భుజాన వేసుకోవలసిందే. స్ట్రాబెర్రీకి అది చాలు, దీనికి చాలదు. చలి తక్కువైనా కాసే ఆపిల్ రకాలున్నాయి, హిమాచల్‌లో హరిమన్ శర్మగారు తీసిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్ 99 లాంటివి. మా దగ్గర ఆ మొక్క తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. హనీబెర్రీలో అలాంటి రకం నేను చూడలేదు, చూశానని చెప్పి అమ్మనూ లేను.

లంక మాష్టారు:

తుంచాను. పాలు కారాయి. ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు. 1280 రూపాయలు పెట్టి పట్టుపురుగుల మేత కొన్నానని ఇంట్లో చెబితే మా ఆవిడ పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. అమ్మినవాళ్లకి మెసేజ్ పెట్టాను, "మీ ఫీడ్‌బ్యాక్‌కి ధన్యవాదాలు" అని వచ్చింది.

పాలకొల్లు అమ్మాయ్, చాలా ఓపిగ్గా రాశావు. రాత్రి ఊపిరికే ఖర్చు అన్నావే, అది నాకు తెలీదు. నేను ఇన్నాళ్లూ చలినే కూడుతున్నాను, ఎండని తీసెయ్యడం మర్చిపోయాను. బావమరిదికి ఫ్రిజ్ అక్కర్లేదని చెప్పేశాను, వాడు ఊపిరి పీల్చుకున్నాడు.

కడియం తమ్ముడూ, మరి సంక్రాంతికి నేను పిల్లకి ఏం చూపించను? ఉందని మాట ఇచ్చేశాను.

కడియం కుర్రాడు:

మీ దగ్గరున్న దాంతోనే అవుతుంది మాష్టారూ. మల్బరీ గుణం ఏమిటంటే కత్తిరించినప్పుడల్లా కాస్తుంది. నవంబరు మొదటి వారంలో కొమ్మలు మీ ఛాతీ ఎత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకంతా చేత్తో దూసేయండి. ఒక్కాకు కూడా ఉంచొద్దు, జాలిపడొద్దు. పాదుకి గంపెడు పశువుల ఎరువు, ఒక తడి. పదిరోజులకి చిగురుతోపాటే కాయ పుడుతుంది. పండడానికి రెండు నెలలు వేసుకోండి, పండక్కి సరిగ్గా అందుతుంది. ఎర్రగా ఉన్నప్పుడు పుల్లన, నల్లబడ్డాక తీపి. నలుపు తిరిగే ముందే దోమతెర లాంటి వల కప్పండి. ఉడతలకి మీకన్నా ముందు తెలుస్తుంది.

ఆ పులుపూ వగరూ కావాలంటే ఫాల్సా వేయండి. పొదే. జనవరిలో మోకాలెత్తుకి నరికితే ఏప్రిల్, మే ఎండల్లోనే ఊదారంగు పళ్లు కాస్తుంది. షర్బత్‌కి బాగుంటుంది. గట్టువైపు కంచెకి వాక్కాయ ఎలాగూ ఉంటుంది.

పాలకొల్లు టు సాస్కటూన్:

వాక్కాయ అనగానే నోరూరింది. ఇక్కడ బేకరీ కేకుల మీద ఎర్ర చెర్రీ కనబడినప్పుడల్లా మన ఊరి కేకు గుర్తొస్తుంది, అక్కడి చెర్రీ అంటే పాకంలో రంగేసిన వాక్కాయే కదా. శ్రావణంలో మా అమ్మ చేసే వాక్కాయ పప్పు తిని పదకొండేళ్లు. హనీబెర్రీతో పప్పు చేసి చూశాను బాబాయిగారూ. పులుపు సరిపోయింది. రంగు మాత్రం సిరా. మా ఆయన గిన్నె మూత తీసి మళ్లీ పెట్టేశాడు.

లంక మాష్టారు:

ఆ సిరా పప్పు ఫొటో ఉంటే పెట్టమ్మా, మా ఆవిడ అడుగుతోంది.

తమ్ముడూ, నవంబరు మొదటి ఆదివారం కత్తెర వేస్తాను. వల రాజమండ్రిలో కొంటాను. ఫాల్సా రెండు, నల్లగా పండే వాక్కాయ ఒకటి పక్కన పెట్టు, సోమవారం బస్సుకి వస్తాను. ఈసారి లేబుల్ వద్దు, ఆకు చూసే తీసుకుంటాను.